దాపలికే మళ్ళే బండి

సైదమ్మ ఒట్టు పెట్టుకున్నది కాలువ వంతెన దిగువన, సర్కారు తుమ్మ పొద పక్కన. అప్పుడామె ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు.

"ఇగ నీ బండిల కూసుంటే నా పేరు సైదమ్మ గాదు!"

మొగుడు జానయ్య ఆ మాట విన్నాడు గానీ ట్రాక్టరు స్టీరింగు మీది నుంచి చేతులు తీయలేదు. జానపహాడ్ దర్గా ఉర్సుకు పోయి, అక్కడ మొక్కు తీర్చే విందు, కందూరు, చేసుకుని, మిర్యాలగూడ మీదుగా త్రిపురారం దిక్కున్న తమ ఊరికి తిరిగి వస్తున్నారు. ట్రాలీ నిండా ఆడవాళ్ళు. వంతెన ఎక్కేదాకా పాటలే పాటలు. దిగేటప్పుడు జానయ్య బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు సరికదా, ఎవరో ముక్కుతాడు పట్టి గుంజినట్టు కుడిపక్కకు, కాలువ గట్టు మీదికి మొగ్గింది. పుణ్యానికి తుమ్మ పొద అడ్డం ఉంది. మనుషులకు ముళ్ళు గీరుకోవడం తప్ప ఏమీ కాలేదు. ఇంటికని మిగిల్చి తెస్తున్న కూర గిన్నె మాత్రం ఎగిరి కాలువలో పడింది. మూత ముందు, గిన్నె వెనక, రెండూ సాగర్ నీళ్ళ మీద ఊరేగింపుగా వెళ్ళిపోయాయి.

సైదమ్మ రెండో చెప్పు కూడా విప్పి చేతబట్టుకుని ఇంటికి నడిచింది.

ఒట్టు అనేది అందరూ పెట్టుకునేదే, అందరూ తీసి గట్టు మీద పెట్టేదే. కానీ ఈ ఒట్టు వేరు. ఆ చుట్టుపక్కల జానయ్య, జానమ్మ, సైదులు, సైదమ్మ అనే పేరు వినబడిందంటే, ఆ బిడ్డ జానపహాడ్ దర్గాలో మొక్కితే పుట్టిన బిడ్డ అని అర్థం. కన్నవాళ్ళు గొల్లలో, కాపులో, చాకళ్ళో, మాదిగలో ఎవరైనా కావచ్చు. ఇంట్లో దీపం పెట్టేది మల్లన్నకో ఎల్లమ్మకో కావచ్చు. పేరు మాత్రం ఆ దర్గాలో కొలువైన సైదులు ఇచ్చిందే. మొగుడూ పెళ్ళాలిద్దరివీ ఒకే దర్గా పేర్లు కావడం వల్ల, పెళ్ళయిన ఏడాది నుంచీ ఉర్సుకు కలిసి పోవడం వాళ్ళకు ఆనవాయితీ. మొదట కాలినడక, తరువాత ఎడ్లబండి, ఆ తరువాత ట్రాక్టరు. ఇప్పుడు ఆమె తన పేరు మీదే ఒట్టేసింది. పేరు మీద ఒట్టంటే సైదులు మీద ఒట్టే.

జానయ్యకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. ట్రాలీలో ముందు మూల, బండి చక్రం మీది మడ్గారు వెనకాలే, ఆమె ఎప్పుడూ కూర్చునే చోట మళ్ళీ ఆమె కూర్చోవాలి. అంతే. ఆ మూల ఖాళీగా ఉంటే అతనికి బండి మొత్తం ఖాళీగా ఉన్నట్టుండేది.

ఇంతకీ ఆ బండి సంగతి చెప్పాలి. దాని వయసు ఎవరికీ తెలియదు. సాగర్ డ్యాం కడుతున్న రోజుల్లో అక్కడ రాళ్ళూ ఇసుకా లాగిందని, పని అయిపోయాక తుక్కు కింద అమ్మేస్తే చేతులు మారి మారి మిర్యాలగూడ రైసుమిల్లు వెనక గడ్డిలో పడి ఉందని చెప్పుకునేవారు. జానయ్య దాన్ని చూసినప్పుడు బానెట్టు కింద కోడి పొదుగుతోంది. కోడి లేచేదాకా ఆగి, పిల్లలయ్యాకనే బండిని తోలుకొచ్చుకున్నాడు. డ్యాం కట్టిన బండే, ఆ డ్యాం నీళ్ళు పారే మడుల్లో దమ్ము చేయడానికి రావడం అతనికి భలే ముచ్చటగా తోచేది. దేవుడి పెళ్ళికి పందిరి వేసినవాడే ఆ పెళ్ళి భోజనానికి కూర్చున్నట్టు.

అంతకు ముందు అతనికి ఒక జత ఎద్దులుండేవి. దాపల మైలగాడు, ఎలపల కర్రెగాడు. నాగలి పట్టినవాడి ఎడమ దిక్కుది దాపల, కుడి దిక్కుది ఎలపల. ఈ మాటలు ఇప్పుడు చదువుకున్నవాళ్ళ నోట వినబడటం లేదు గానీ, అరక కట్టిన ఇంట్లో కుడి ఎడమలనే వాళ్ళే ఉండరు. ట్రాక్టరుకు కూడా రెండు బ్రేకులుంటాయని, ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి అని తెలిసిన రోజున జానయ్య సంతోషం పట్టలేకపోయాడు. మడిలో రెండిటినీ విడదీసి, ఒక్క చక్రాన్నే పట్టి ఆపి, బండిని అక్కడికక్కడే తిప్పుకోవచ్చు. రోడ్డెక్కేటప్పుడు రెండు పెడళ్ళనూ గడియ వేసి కలపాలి. "ఇది అరకనేరా, ఇంజన్ అరక!" అని తండా నుంచి పనికి వచ్చే తన జోడీదారు కిషన్‌కు చూపించి, ఎడమ పెడలుకు మైలగాడని, కుడి పెడలుకు కర్రెగాడని పేర్లు పెట్టేశాడు.

వంతెన దగ్గర జరిగినదానికి అతను ముందు మైలగాణ్ణి తిట్టాడు. ఎడమ బ్రేకు పట్టడం లేదు, కుడిది పడుతోంది, అందుకే కుడిపక్కకు గుంజింది. అంతవరకు తెలిసిందే. ఎడమవైపు నట్టు బిగించాడు. కొన్నాళ్ళు బాగానే నడిచి మళ్ళీ మొదటికొచ్చింది. చక్రాలూడదీసి, డ్రమ్ములు విప్పి, లోపలి బ్రేకు షూలను గోనెసంచిలో వేసుకుని సూర్యాపేట బస్సెక్కాడు.

సూర్యాపేటలో హైదరాబాదు రోడ్డు మీద ఒక మనిషి రోజంతా బ్రేకు షూలకు లైనింగులు, అంటే చక్రాన్ని పట్టి ఆపే పట్టీలు, కొడుతూ కూర్చునేవాడు. పాత లైనింగు పీకి, కొత్తది పరిచి, రాగి రివిట్లతో టకటకా బిగించేవాడు. అతను షూలను చూసి పెదవి విరిచాడు.

"గేరాయిల్ కారుతున్నదే పెద్దమనిషీ. నూనె తాగిన లైనింగు ఏం పడ్తది? సీలు మార్చుకో, ఖతం."

నూనె బయటికి రాకుండా ఆపే ఆ సీలు మార్చాడు. రెండు దిక్కులా కొత్త లైనింగులు. జానయ్య ఊళ్ళో దిగి, అన్నీ బిగించి, దుమ్ము నేల మీద బండిని ఉరికించి బ్రేకు తొక్కితే రెండు చక్రాలూ రెండు గీతలు సమానంగా గీశాయి. సైదమ్మను పిలిచి మరీ చూపించాడు.

"సూడు, గీతలు ఎట్లున్నయో!"

"ముగ్గేసినవా? బాగున్నది," అని ఆమె లోపలికి పోయింది.

ఆ వానాకాలం దమ్ములన్నీ అయ్యేసరికి బండి మళ్ళీ కుడికి గుంజడం మొదలుపెట్టింది. సీలు కారడం లేదు. నూనె చుక్క లేదు. జానయ్యకు తల తిరిగింది.

"దిష్టి జానన్నా," అన్నాడు కిషన్. "అంతమంది ఆడోళ్ళు ఒక్కపారి మొత్తుకున్నరు గద, గది తగిలింది. నిమ్మకాయ కట్టు."

"నిమ్మకాయ బ్రేకు పట్టిస్తదారా?"

"పట్టియ్యకపోయినా పులుసుకు అక్కరకొస్తది."

ఆ ఏడు ఉర్సుకు సైదమ్మ బస్సులో పోయింది. జానయ్య బండి మీద పోయాడు. దారిలో ఆ బస్సు అతణ్ణి దాటిపోతుంటే కిటికీలోంచి ఆమె కొంగు కనబడింది. దర్గా దగ్గర ఇద్దరూ కలిసే ఊదు వేశారు, కలిసే తిన్నారు. అయినా ఆ సాయంత్రం అతనికి అన్నం సయించలేదు. కళ్ళు తుడుచుకుంటూ, పొగకు మండుతున్నాయని చెప్పాడు.

కష్టం ఒంటరిగా రాదంటారు. ఎండాకాలం రాగానే ఇంజను కాగడం మొదలైంది. రేడియేటరు ఎక్కడో సన్నగా కారుతోంది. సూర్యాపేట దాబా దగ్గర ఒక లారీ డ్రైవరు ఉపాయం చెప్పాడు. చిటికెడు పసుపు వేస్తే ఉబ్బి, సూదిబెజ్జమంత చిల్లిని మూసేస్తుందని. నిజమే, మూసింది. గాయానికి పసుపు పెట్టే దేశంలో ఇనుముకు మాత్రం ఎందుకు పెట్టకూడదు? జానయ్యకు ఆ వైద్యం బాగా నచ్చింది. ఎంత నచ్చిందంటే, కారినా కారకపోయినా వారానికోసారి పోపుల డబ్బాలోంచి గుప్పెడు పట్టుకుపోయేవాడు.

పసుపు తరిగిపోవడం సైదమ్మ కంట పడకుండా ఉంటుందా? పిల్లిని అనుమానించింది, కోడలిని అనుమానించింది. చివరికి ఒక పొద్దున ట్రాక్టరు కింద పచ్చటి మడుగు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏందయ్యా ఇది? నీ బండి పెద్దమనిషైందా ఏంది, పసుపు నీళ్ళు పోస్తున్నవ్?"

ఆ మధ్యాహ్నమే బండి పొలం నడుమ కుతకుత ఉడికి ఆగిపోయింది. జానయ్య దాని జోలికి పోకుండా రెండు బీడీలు కాల్చేంతసేపు నీడలో కూర్చున్నాడు. కాగిన రేడియేటరు మూత తీయడమంటే తాచుపాము పడగ మీద గోకడమేనని అతనికి ఒకసారి చేయి కాలాక తెలిసింది. చల్లారాక విప్పి, దాన్ని భుజాన వేసుకుని, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయాడు.

కోదాడలో రేడియేటర్లు అతికే కొట్టు ఒకటుంది. మొగుడు టంకం వేస్తాడు, పెళ్ళాం రాధమ్మ సన్న ఇనుప చువ్వతో గొట్టాల్లోని మడ్డి తోడుతుంది, నోటితో బేరం మాట్లాడుతుంది. కోదాడ దాటితే కృష్ణాజిల్లా. ఆమె మాటలో ఆ గాలి. పైభాగం విప్పి లోపలికి చూసి ఆమె కొట్టంతా వినబడేట్టు నవ్వింది.

"ఏవయ్యో! ఇది రేడియేటరా, పప్పుచారు గిన్నా? తాలింపు కూడా పెట్టేశావా, లేక అది మేం పెట్టుకోవాలా?"

జానయ్య తల గోక్కున్నాడు. "డ్రైవరు ఒకాయన చెప్పిండమ్మా, పసుపు వెయ్యమని."

"చిటికెడేస్తే మందే. నువ్వు వంటలు చేశావు. ఇదిగో చూడు, పసుపూ మట్టీ కలిసి సగం గొట్టాలు పూడిపోయాయి. పైగా ఈ తెల్లటిదేంటో తెలుసా? సున్నం. ఏం నీళ్ళు పోస్తున్నావు?"

"బోరు నీళ్ళు. అప్పుడప్పుడు కాలువయి."

"మీ వైపు బోరు నీళ్ళు మీరు తాగుతారా?"

"తాగం. అవి తాగితే పండ్లు గారబడ్తయి, నడుములు వంగుతయి."

"మరి నువ్వు తాగనివి దానికెందుకు పోశావు? దాని నడుం మాత్రం నడుం కాదా? మీరు తాగే నీళ్ళే పొయ్యి. కాలువ నీళ్ళయితే తేర్చి పొయ్యి. ముందున్న జాలీలో ఊకదుమ్ము చేరితే వెనకనుంచి దులుపు. గాలాడకపోతే నీళ్ళేం చేస్తాయి? ఫ్యాను బెల్టు బొటనవేలితో నొక్కితే కొంచెమే లొంగాలి. అయినా ఇంట్లో ఆడది ఏవీ అనదా, ఇంత పసుపు పోతుంటే?"

"అంటది," అన్నాడు జానయ్య. "మస్తుగ అంటది."

తేర్చిన నీళ్ళు ఆ ఇంట్లో ఉన్నది ఒక్క సైదమ్మ కడవలోనే. ఆమె కాలువ నీళ్ళు తెచ్చి, కుండ లోపల చిల్లగింజ అరగదీసి, పొద్దుటికల్లా మట్టి అడుగున చేరాక, పాత పంచెలో వడగట్టేది. ఆ కడవ ముట్టాలంటే ఇంట్లో మొగవాళ్ళకు కూడా అనుమతి కావాలి. జానయ్య ఇల్లు చేరి, రేడియేటరు బిగించి, కడవ పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"బండికి నా కడవ నీళ్ళా?" అందామె.

"కోదాడల చెప్పిన్రే. మనం తాగేవే దానికి పొయ్యాల్నట."

"ఎవరు చెప్పిన్రు?"

"రాధమ్మని, గా కొట్టామె. ఇంట్ల ఆడామె ఏమనదా అని గూడ అడిగింది."

తన తరఫున మాట్లాడిన మనిషి కోదాడలో ఒకరున్నారన్న మాట సైదమ్మకు నచ్చినట్టుంది. చెంబు అందుకుని తనే బయటికి నడిచింది.

"నువ్వు పోస్తవా?" అన్నాడతను, ఆశగా.

"బండి ఎక్కనన్న గని, నీళ్ళు పొయ్యనన్ననా? నీకిస్తే సగం నేలకు తాపుతవ్."

అప్పటినుంచి పొద్దున్నే ఎనుములకు కుడితి పెట్టాక బండికి నీళ్ళు చూడటం ఆమె పని అయింది. మూత తీసి, వేలు ముంచి, తగ్గితే పోసేది. జాలీలో ఇరుక్కున్న ఊకను పాత చీపురు పుల్లలతో దులిపేది. ముట్టుకోవడం అలవాటయ్యాక పగ ఎంతకాలం నిలుస్తుంది? బండికి ఇక కాగడమన్నది లేదు. జానయ్య ముఖం కూడా కొంత చల్లబడింది. కానీ బ్రేకు మాత్రం అలాగే ఉంది.

దమ్ములకు ముందు మరోసారి లైనింగులు వేయించాలని అతను వాకిట్లో చక్రాలు రెండూ విప్పాడు. షూలను కడగడానికి సైదమ్మ నీళ్ళు పోస్తోంది. ఎడమవాటిని ఎడమకు, కుడివాటిని కుడికి ఎండలో ఆరబెట్టాడు. ఆమె చెంబు కింద పెట్టి, వాటి ముందు గొంతుక్కూర్చుంది. ఎడమ లైనింగు రివిట్లు తేలి, అరిగిపోయిన చెప్పులా ఉంది. కుడిది నిన్న మొన్న కొట్టించినట్టే ఉంది.

"పోయినపారి గూడ గిదే అరిగిందా?"

"అవ్. మైలగాడే. గాడు ఎప్పటికీ దొంగనే."

"మైలగాడు దొంగ గాదు. ఆడొక్కడే పని జేస్తున్నడు."

"ఏమంటున్నవే?"

"నాటేసేటప్పుడు గట్టు మీదకెల్లి సూస్తగద. మడి కొసకు రాంగనే నువ్వు దాపలికే మలుపుతవ్. ఎడ్లున్నప్పుడు గట్లనే మలిపినవ్, గిప్పుడూ గట్లనే మలుపుతున్నవ్. ఒక్కసారన్న ఎలపలికి మలిపినవా? తొక్కిన బ్రేకు అరుగుతదా, తొక్కంది అరుగుతదా?"

"ఛత్, రెండు దిక్కులా మలుపుత నేను," అన్నాడు జానయ్య.

ఆమె షూలు అతని చేతికిచ్చింది. బిగించి మడిలోకి దిగమంది. మొదటి కొసకు చేరగానే అతని కాలు, అతని అనుమతి లేకుండానే, ఎడమ పెడలు మీదికి పోయింది. రెండో కొసకూ అంతే. మూడో కొసకు అతను బండి ఆపి తన కాలి వంక చూసుకుని, పకపకా నవ్వాడు.

అరక దున్నేవాళ్ళకు అది తాతల నాటి అలవాటు. చాలు చివర దాపల ఎద్దు ఉన్నచోటే ఆగుతుంది, ఎలపల ఎద్దు దాని చుట్టూ తిరిగి వస్తుంది. గుడి చుట్టూ తిరిగేటప్పుడు ఎలపలికి మళ్ళే మనిషే పొలంలో దాపలికి మళ్ళుతాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. మైలగాడికి ఆ మలుపు ఒక క్షణం విశ్రాంతి. పాపం, ఇనుప మైలగాడికి మాత్రం అదే చావు. నిలబడి పట్టి ఉంచేది వాడే కదా.

కొత్త లైనింగులు వేయించడం తేలిక, కొత్త కాలు వేయించడం కష్టం. ఆ వానాకాలమంతా మడి కొసన గట్టు మీద సైదమ్మ నిలబడేది. ఒక కొసన దాపలికి, ఒక కొసన ఎలపలికి తిప్పాలని ఆమె తీర్పు. బండి దగ్గరికి రాగానే చేయెత్తి, ఒకప్పుడు అతను ఎద్దుల మీద వేసిన కేకే వేసేది.

"ఎలపల! ఎలపల! ఓ అయ్యా, ఎలపలా!"

నాట్లు వేసే ఆడవాళ్ళు నవ్వీ నవ్వీ నారు కట్టలు జారవిడిచేవారు. "వదినె మంచి కోడెనే మలుపుతున్నది," అన్నాడు కిషన్. "ముల్లుగర్ర గూడ తెచ్చుకోరాదు వదినా?"

"తెస్త. ముందుగాల నీమీద పట్టి సూస్త."

కొన్నాళ్ళకు కేకలు తగ్గాయి. మడిలోంచి ఎక్కగానే జానయ్య మరో పని కూడా నేర్చుకున్నాడు. బురద నీళ్ళు తాగిన బ్రేకుల్ని కాస్త నొక్కిపట్టి, నెమ్మదిగా కొంత దూరం నడిపి ఆరబెట్టడం, ఆ తరువాతే గడియ వేసి రోడ్డెక్కడం. కార్తీకం దాటాక విప్పి చూస్తే లైనింగులు రెండూ ఒకేలా అరిగాయి. సైదమ్మ వాటిని గోటితో గీకి చూసింది.

ఉర్సు వచ్చింది. పొద్దున్నే ట్రాలీ నిండా ఆడవాళ్ళు, పొయ్యి కట్టెలు, గిన్నెలు, రెండు కోళ్ళు. ముందు మూల మాత్రం ఎవరూ కూర్చోలేదు. ఎవరూ చెప్పకుండానే వదిలేశారు. సైదమ్మ నీళ్ళ కడవ చంకన పెట్టుకుని ముందు నడుస్తూ వంతెన దాకా వచ్చి ఆగింది.

"అందర్ని దింపు. ఖాళీ బండి అటు తోల్కపోయి, మలుపుకొని రా."

జానయ్య ఆమె చెప్పినట్టే వంతెన దాటి, అవతల బండి మళ్ళించాడు. తిరిగి వంతెన నడిమికి వచ్చి, ఎదురుగా చూసి బండి ఆపేశాడు. దిగువన, కుడిపక్కన, అదే తుమ్మ పొద ముందు సైదమ్మ కడవతో నిలబడి ఉంది. బ్రేకు ఇంచుక తేడాగా పడితే బండి వచ్చేది సరిగ్గా అక్కడికే.

"పక్కకు జరుగే!" అని అరిచాడు.

"ఎందుకు? రెండూ పడ్తయంటివి గద!"

"పడ్తయ్ గని..."

"పడ్తయా, గనియా?"

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. జానయ్య కిందికి వంగి గడియ పడిందో లేదో చేత్తో తడిమి చూశాడు. తను విప్పిందీ, తను తుడిచిందీ, తను బిగించిందీ ఒక్కొక్కటే మనసులో మళ్ళీ బిగించుకున్నాడు. సైదులును తలచుకున్నాడు. మడి కొసన ఆమె వేసిన కేకలన్నీ తలచుకున్నాడు. దిగుడులోకి బండి వదిలి, వేగం అందుకున్నాక రెండు పెడళ్ళనూ ఒక్కటిగా తొక్కాడు.

బండి ముక్కుసూటిగా దిగి, రోడ్డు నడిమిట్లో నిలిచింది. ఆమెకు అల్లంత ఇవతల.

సైదమ్మ అతని ముఖం చూడలేదు. చక్రాల వెనక్కి నడిచి, దుమ్ములో పడిన గీతలు రెండూ వంగి చూసింది. ఒకదాని పొడవూ ఒకదాని పొడవూ కళ్ళతో కొలిచింది. తరువాత బానెట్టు దగ్గరికొచ్చి, పొద్దున తను బిగించిన మూత మీద చేయి వేసి వేడి చూసింది. అంతా అయ్యాక కడవ కిషన్ చేతికిచ్చి, ట్రాలీ ఎక్కి, ముందు మూలలో, మడ్గారు వెనకాలే కూర్చుంది.

"వదినా," అన్నాడు కిషన్, కడవ అందిస్తూ. "మరి నీ పేరో? ఇయ్యాల్టి నుంచి ఏమని పిలవాలె?"

"ఏడికి పోతున్నం? ఆయన దగ్గరికే గద. పేరు ఆయనిచ్చిందే. ఉంచుకోమంటడో, తీసుకుంటడో ఆయన్నే అడుగుత. నువ్వు ఎక్కు, కోళ్ళు మొత్తుకుంటున్నయ్."

జానయ్య వెనక్కి తిరిగి చూశాడు. మూల నిండుగా ఉంది.

"ఏం సూస్తున్నవ్? ముందట సూసి నడుపు," అందామె.

దర్గాలో ఆమె ఏమడిగిందో, ఏం జవాబొచ్చిందో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు కూడా ఊళ్ళో అందరూ సైదమ్మనే అన్నారు, ఆమె పలికింది. తిరుగు ప్రయాణంలో వంతెన దిగేటప్పుడు ఆడవాళ్ళంతా ట్రాలీ అంచులు పట్టుకున్నారు. సైదమ్మ అంచు పట్టుకోలేదు. రెండు చేతులా కూర గిన్నెను ఒళ్ళో ఒడిసిపట్టుకుని, మూత మీద గడ్డం ఆనించి కూర్చుంది.